ఎంఎంటీఎస్‌ని నమ్ముకుని టైముకి ఆఫీసు చేరాలంటే

హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ని నేను చందానగర్‌లో ఎక్కి ఖైరతాబాద్‌లో దిగుతాను. ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు చూసే పని. పదింటికల్లా సీట్లో ఉండాలి. బండి సరిగ్గా నడిస్తే నలభై నిమిషాల్లో దిగిపోతాను. అదే రోడ్డు మీద అయితే కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట దాటేసరికే నీరసం వచ్చేస్తుంది. పైగా టికెట్టు అయిదు రూపాయల నుంచి మొదలు. అందుకే ఎంతమంది "ఆ బండిని నమ్ముకోకు" అన్నా నేను వదల్లేదు. దాన్ని నమ్ముకోవడానికీ ఒక పద్ధతి ఉంది. మా కింది పోర్షన్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి మొన్న కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడా రాస్తున్నాను.

ముందు బండి ఎందుకు ఆగుతుందో తెలుసుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పటి నుంచీ మా లింగంపల్లి లైన్లో దానికి మెట్రోలాగా సొంత పట్టాలు లేవు. వికారాబాద్ వైపు నుంచి వచ్చే ముంబై, పుణె ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సు బండ్లూ అది నడిచే పట్టాల మీదే నడవాలి. సనత్‌నగర్ దగ్గర మౌలాలి వైపు నుంచి ఇంకో లైను వచ్చి కలుస్తుంది. బేగంపేట దాటగానే హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర సికింద్రాబాద్ దారి ఒకటి, నేను దిగే ఖైరతాబాద్ ఉన్న నాంపల్లి దారి ఒకటి విడిపోతాయి. ఆలస్యంగా వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలన్నా, ముందు ప్లాట్‌ఫాం ఖాళీ లేకపోయినా మనకి సిగ్నల్ పడదు. కాబట్టి మీ బండి ఎక్కడ ఆగుతుందో ముందే కొంత ఊహించవచ్చు.

ఆ ఊహ కోసం ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. నేను మూడు వారాలు రాశాను. రోజుకి ఒక్క లైను చాలు: "మంగళవారం. ఏడు నిమిషాలు లేటు. ఫతేనగర్‌లో ఎక్కువసేపు ఆగింది." "బుధవారం. టైముకే. బేగంపేట దాటాక నాలుగు నిమిషాలు." టైంటేబుల్లో ఉన్నది రైల్వే వాళ్ల టైము, నోటుబుక్కులో ఉన్నది మీ బండి టైము. మీరు ఆ రెండోదాన్ని బట్టి నడవాలి. నా పుస్తకం చూస్తే తేలిందేమిటంటే, ఆఫీసుకి సరిగ్గా సరిపోయే బండి కన్నా దాని ముందు బండి బాగా నయం. పావుగంట ముందు లేవాలి, అంతే. అప్పటి నుంచి దాన్నే నా బండి అనుకున్నాను. టైముకి సరిపోయే బండి ఇప్పుడు నాకు రెండో అవకాశం.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. లింగంపల్లి నుంచి మనం ఎక్కే బండి చాలాసార్లు అంతకుముందే నగరం నుంచి అక్కడికి వచ్చిన బండే. వచ్చిన రేకే, అంటే అవే పెట్టెలు, తిరిగి బయలుదేరుతుంది. అది ఇరవై నిమిషాలు లేటుగా వస్తే మనదీ లేటే. మీ బండికి ముందు ఏ బండి వస్తోందో వారం రోజులు గమనిస్తే అర్థమైపోతుంది. ఎంఎంటీఎస్ నంబర్లు 47తో మొదలవుతాయి. వచ్చే బండి నంబరు, వెళ్లే బండి నంబరు రెండూ ఫోన్లో రాసి పెట్టుకోండి. పొద్దున స్టవ్ మీద ఉప్మా పెట్టి, బండి ఎక్కడుందో చూపించే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో నేను మొదట చూసేది వచ్చే బండినే. అది ఇంకా బేగంపేట కూడా దాటలేదంటే ఇంట్లోంచే దారి మార్చుకుంటాను. స్టేషన్‌కి వెళ్లి అనౌన్స్‌మెంట్ కోసం ఎదురు చూడను.

వదిలేయడానికి ఒక గడువు పెట్టుకోవాలి. నా గడువు పన్నెండు నిమిషాలు. ప్లాట్‌ఫాం మీద అంతకన్నా ఎక్కువ నిలబడను. ఒకసారి అమ్మని కంటి చెకప్‌కి తీసుకెళ్తూ "వస్తుందిలే, ఇంకో అయిదు నిమిషాలు" అని నలభై నిమిషాలు ఉండిపోయాను. అక్కడికి వెళ్లేసరికి డాక్టర్ గారు లేచి వెళ్లిపోయారు. అమ్మ ఏమీ అనలేదు, నాకే ఇప్పటికీ బాధ.

గడువు దాటాక ఏం చేయాలన్నది ముందే అనుకుని ఉండాలి. చందానగర్ నుంచి షేర్ ఆటోలో మియాపూర్ వెళ్తే మెట్రో దొరుకుతుంది. అది నేరుగా ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి మీదుగా పోతుంది. ఆడవాళ్లకైతే మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం ఉంది కాబట్టి 218 బస్సులో డబ్బు ఖర్చు కూడా లేదు. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకి ఆధార్ కార్డు దగ్గర ఉంటే చాలు. నాంపల్లి బండి రాక, సికింద్రాబాద్ వైపు వెళ్లే బండి వస్తే నేను అదే ఎక్కేస్తాను. భరత్‌నగర్‌లో దిగితే మెట్రో స్టేషన్ దగ్గరే. బేగంపేటలో దిగినా పక్కనే మెట్రో, అమీర్‌పేటలో మారాలి. కొత్తవాళ్లు పొరబడేది హైటెక్ సిటీ దగ్గర. ఎంఎంటీఎస్ హైటెక్ సిటీ, మెట్రో హైటెక్ సిటీ ఒక చోట లేవు. పేరు చూసి దిగితే మళ్లీ ఆటో వెతుక్కోవాలి.

టికెట్టు క్యూలో బండి పోగొట్టుకోవద్దు. రోజూ వెళ్లేవాళ్లు నెల పాస్ తీసుకోవడమే మేలు. పాస్ లేనివాళ్లు రైల్‌వన్ యాప్‌లో ఇంటి దగ్గరే పేపర్‌లెస్ టికెట్టు తీసేసుకోండి, స్టేషన్ లోపలికి వచ్చాక అది రాదు. మర్చిపోతే అక్కడ అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి.

స్టేషన్‌కి ముందు బండి ఆగిపోతే కొందరు పట్టాల మీదకి దూకి నడుస్తారు. నేను చూస్తుండగానే పక్క లైన్లో ఎక్స్‌ప్రెస్ వచ్చేసింది. దిగిన అబ్బాయి కంకర మీద జారి, బ్యాగు గుండెలకి హత్తుకుని, మా పెట్టెకి ఆనుకుని నిలబడిపోయాడు. బండి వెళ్లిపోయాక కూడా అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆఫీసుకి ఫోన్ చేసి లేటవుతుందని చెప్పండి, దయచేసి దిగకండి.

ఆదివారం సంగతి వేరు. అసలే బండ్లు తక్కువ, ఆపైన ట్రాక్ పనులుంటే చాలా సర్వీసులు రద్దు చేస్తారు. పోటీ పరీక్షలు ఎక్కువగా ఆదివారాలే పెడతారు కదా, పిల్లలు హాల్‌టికెట్ పట్టుకుని ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండటం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. శనివారం సాయంత్రమే దక్షిణ మధ్య రైల్వే ప్రకటన, పేపర్లో సిటీ పేజీ చూడండి. పరీక్ష ఉన్న రోజు మాత్రం ఎంఎంటీఎస్‌ని లెక్కలోకే తీసుకోవద్దు. మా చెల్లెలి కొడుకుని ఆ రోజు నేనే పొద్దున్నే మియాపూర్ మెట్రో దాకా దిగబెట్టి వస్తాను.