మొహం చూసి బొట్టు పెట్టే చోట కారు కొనడం: డాలస్‌కు కొత్తగా వచ్చినవారికి

ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో అపార్ట్‌మెంట్ తీసుకుని సూట్‌కేసులు ఖాళీ చేశాక మొదట తెలిసొచ్చేది, ఈ ఊళ్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టేనని. పాలకు కూడా ఎవరినో ఒకరిని బతిమాలాలి. రెండు వారాలు అడుగుతాం, మూడో వారానికి మొహమాటం మొదలవుతుంది. ఆ మొహమాటంలోనే చాలామంది షోరూమ్‌కి పరుగెత్తుతారు. నేనూ అలాగే పరుగెత్తాను.

అప్పటికి నేను వచ్చి రెండు నెలలు. ఆగస్టు ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కాళ్లకు హవాయి చెప్పులు, ఒంటి మీద కాలేజీ నాటి టీషర్టు. దింపడానికి వచ్చిన ఫ్రెండ్ కారుకు ముందు బంపర్ ఒక పక్క ఊడిపోతే టేపు వేసి అతికించి ఉంది. అద్దాల తలుపు వెనక ఇద్దరు సేల్స్‌మెన్ నిలబడి ఉన్నారు. కాఫీ కప్పు పట్టుకున్నవాడు ముందు బంపర్ వైపు, తర్వాత నా కాళ్ల వైపు చూసి లోపలికి జారుకున్నాడు. రెండోవాడు బయటకు వచ్చి, పేరైనా అడక్కుండా, వాడిన కార్లు ఆ వెనక వరుసలో ఉన్నాయని చెయ్యి చూపించాడు. నేను వచ్చింది కొత్త కారు కోసం. ఆ మాట చెప్పేలోపు ఒక పెద్ద పికప్ ట్రక్కు వచ్చి ఆగింది. అందులోంచి దిగినాయనకు వాడే ఎదురెళ్లి మంచినీళ్ల సీసా అందించాడు. మేము ఇరవై నిమిషాలు ఎండలో తిరిగి ఇంటికొచ్చేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన రంగు చూసి చేశాడా, యాస విని చేశాడా, చెప్పులు చూసి చేశాడా అని ఒకటే ఆలోచన. యాస అయ్యుండదు, నన్ను నోరు తెరవనిస్తే కదా. మీకూ ఇలాంటి రాత్రి ఒకటి రావచ్చు కాబట్టి వాళ్ల పని ఎలా నడుస్తుందో ముందే చెప్తాను. ఇక్కడ కార్లు అమ్మేవాళ్లలో చాలామందికి జీతం కంటే కమీషనే ఎక్కువ. గేటు దాటి వచ్చిన ప్రతి మనిషినీ 'అప్' అంటారు. ఏ అప్ ఈరోజు కొంటాడు, ఏ అప్ ఊరికే చూసి పోతాడు అన్నది అర నిమిషంలో తేల్చుకోవడం వాళ్లకు అలవాటైపోయిన విద్య. 'మళ్లీ వస్తాం' అని వెళ్లిపోయేవాళ్లకు 'బీ-బ్యాక్' అని పేరు, వాళ్లు మళ్లీ రారని వెక్కిరింత. మనవాళ్ల మీద వేరే ముద్ర కూడా ఉంది: మూడు గంటలు బేరమాడి, ఆ కొటేషన్ ఫొటో తీసి పక్క షాపుకి పంపేస్తారని. అది పూర్తిగా అబద్ధమని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

అలాగని అంతా మన ఊహ అనుకోనక్కర్లేదు. 1990ల మొదట్లో ఇయాన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్ షికాగో చుట్టుపక్కల డీలర్ల దగ్గరికి మనుషుల్ని పంపి పరీక్షించాడు. అందరికీ ఒకే రకం బట్టలు, ఒకే రకం మాటలు, ఒకే బేరం పద్ధతి నేర్పించి పంపాడు. మూడు వందలకు పైగా బేరాలు చూస్తే, తెల్ల మగవాళ్లకు చెప్పిన ధర కంటే ఆడవాళ్లకు, నల్లవాళ్లకు ఎక్కువ ధర చెప్పారని తేలింది. ఇది అమెరికా రోగం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక రైతు వేషం చూసి షోరూమ్ సేల్స్‌మన్ ఎగతాళి చేస్తే, ఆయన గంట సేపట్లో పది లక్షలు తెచ్చి చూపించిన సంగతి మన పేపర్లలో కూడా వచ్చింది. చదివినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది గాని, ఆ పంతం ఇక్కడ పట్టొద్దు. అవమానం జరిగిన చోటే, వాడి కళ్లు తెరిపించడానికే కొనేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. కారు ఇచ్చినవాడికి కమీషన్ వచ్చింది, వీళ్లకు నెల నెలా ఈఎంఐ వచ్చింది.

కోటు వేసుకుని వెళ్లమని కూడా చెప్పను. ఐటీ ఉద్యోగి అని కనిపెడితే మర్యాద పెరుగుతుంది, దాంతోపాటు ధర కూడా పెరుగుతుంది. నా సలహా ఒక్కటే, వాళ్లు మీ మొహం చూడకముందే ధర తేల్చుకోండి.

దానికి టెక్సస్‌లో ఒక చక్కని సదుపాయం ఉంది. ఈ రాష్ట్ర చట్టం ప్రకారం కార్ల షాపులు శని, ఆదివారాల్లో ఏదో ఒక రోజు అమ్మకాలు మూసెయ్యాలి. దాదాపు అందరూ ఆదివారమే మూస్తారు. చాలా చోట్ల కార్లు నిలిపి ఉంచే లాట్‌లో నడిచి చూడటానికి అడ్డు ఉండదు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు కుటుంబంతో వెళ్లి తీరిగ్గా చూడండి, ఎవడూ వెంటపడడు. కొత్త కారు అద్దానికి తయారీదారు నిర్ణయించిన ధర, అదనపు సామాన్ల ధర రాసిన స్టిక్కర్ ఉండాలని 1958 నుంచే ఫెడరల్ చట్టం ఉంది. ఆ పక్కనే డీలర్ సొంతంగా ఇంకో కాగితం అంటిస్తాడు: టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం, పెయింట్ మీద పూత. ఈ రెండో కాగితం మొత్తం బేరానికి లోబడినదే. వాడిన కారు అయితే 'బయ్యర్స్ గైడ్' అనే కాగితం వెతకండి. అందులో 'యాజ్ ఈజ్' గడి టిక్కు పెట్టి ఉంటే రేపు ఏం పాడైనా ఖర్చు మీదేనని అర్థం.

నచ్చిన కారు గుర్తింపు నంబరు (VIN) రాసుకుని ఇంటికొచ్చి నాలుగైదు డీలర్‌షిప్‌లకు ఈమెయిల్ పెట్టండి. అడగాల్సింది 'ఔట్ ది డోర్' ధర. అంటే పన్ను, డాక్యుమెంట్ ఫీజు, నంబర్ ప్లేట్, అన్నీ కలిపి గేటు దాటే ధర. టెక్సస్‌లో వాహనం మీద అమ్మకపు పన్ను 6.25 శాతం, కాబట్టి 25,000 డాలర్ల కారుకు పన్నే 1,562 డాలర్లు దాటుతుంది. కొందరు ధర రాయకుండా 'ఒకసారి రండి, మాట్లాడుకుందాం' అంటారు. అలాంటి చోటికి వెళ్లకండి. కాగితం మీద ధర రాయలేనివాడు మనిషి ఎదురుగా కూర్చున్నాక తగ్గిస్తాడని నమ్మడం మన అమాయకత్వం. ఈమెయిల్‌లో చెప్పులు కనపడవు, యాస వినపడదు. పేరు కనపడుతుంది, నిజమే, కానీ నాలుగు కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు పేరు చూసి ఎక్కువ చెప్పినవాడు వాడంతట వాడే బయటపడతాడు.

షోరూమ్‌లో అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: నెలకు ఎంత కట్టగలరు? జవాబు చెప్పకండి. 25,000 డాలర్ల అప్పు 7 శాతం వడ్డీతో 60 నెలలకైతే నెలకు సుమారు 495 డాలర్లు. అదే 84 నెలలకు సాగదీస్తే 377. హమ్మయ్య తగ్గింది అనిపిస్తుంది, కానీ మొత్తం మీద దాదాపు రెండు వేల డాలర్లు ఎక్కువ కడతారు. ఇంకో తిరకాసు ఫైనాన్స్ గదిలో ఉంటుంది. బ్యాంకు 7 శాతానికి ఒప్పుకున్న అప్పును డీలర్ మీకు 9 శాతమని చెప్పి, ఆ తేడాలో వాటా తీసుకునే పద్ధతి ఇక్కడ మామూలే. 60 నెలల లెక్కలో అది నెలకు 24 డాలర్లే, మొత్తంలో 1,400 పైనే.

అందుకే ముందే బ్యాంకు నుంచో సహకార బ్యాంకు లాంటి క్రెడిట్ యూనియన్ నుంచో అప్పుకు అప్రూవల్ తీసుకుని వెళ్లండి. కొత్తగా వచ్చినవారికి క్రెడిట్ చరిత్ర ఉండదు, బ్యాంకులు ఎక్కువగా చూసే ఫైకో (FICO) స్కోరు పుట్టడానికే కనీసం ఆరు నెలల ఖాతా కావాలి. అప్పటిదాకా డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు వాడుకోండి, కారు మరీ అవసరమైతే చిన్న పాత కారు నగదుకు కొనండి. వీసా ఎన్నాళ్లుందో, దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 మీద తేదీ ఏంటో బ్యాంకు అడిగితే కోప్పడకండి, అప్పు తీరేదాకా మీరు ఇక్కడ ఉంటారో లేదో చూసుకోవడానికి అది అడగొచ్చు. కానీ జాతి, మతం, పుట్టిన దేశం చూసి అప్పు కాదనడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకునే హక్కు మీకు ఉంది.

ఇంకొక్క రకం మనిషి గురించి చెప్పాలి. తలుపు తీయగానే "అన్నా, మనది ఏ ఊరు?" అంటాడు. ఆ పిలుపుకే సగం కరిగిపోతాం. నా రెండో కారు అలాగే కొన్నాను. అన్నా అన్నవాడు వదినను పలకరించాడు, ఇడ్లీ ఎక్కడ బాగుంటుందో చెప్పాడు, ఎక్స్‌టెండెడ్ వారంటీ లేకపోతే లోన్ పాస్ కాదని కూడా చెప్పాడు. ఆ చివరిది పచ్చి అబద్ధం. వెనక వరుస చూపించిన తెల్లవాడి దగ్గర నేను పోగొట్టుకున్నది ఒక మధ్యాహ్నం. తమ్ముడి దగ్గర పోగొట్టుకున్నది పంతొమ్మిది వందల డాలర్లు. మంచి తెలుగు సేల్స్‌మెన్ లేరని కాదు, ఉన్నారు. కాకపోతే వాళ్ల దగ్గర కూడా అదే నాలుగు ఈమెయిళ్ల పద్ధతి పాటించండి.

భార్యాభర్తలు వెళ్తే ఇంకో తమాషా. కారు నడపబోయేది మా ఆవిడ, డబ్బు కట్టేది తన ఖాతాలోంచి, తను ఏ ప్రశ్న అడిగినా సేల్స్‌మన్ జవాబు మాత్రం నాకు చెప్పేవాడు. మూడోసారి తను లేచి, "నేను బయట ఉంటాను, కారు ఆయనకే అమ్ముకోండి" అంది. అప్పుడు కుర్చీ తన వైపు తిప్పాడు. అప్పటికే ఆలస్యమైంది, ఆ కారు వేరే చోట కొన్నాం.

సంతకాల దగ్గర తొందరపడకండి. షోరూమ్‌లో కొన్న కారును మూడు రోజుల్లో వాపస్ ఇవ్వొచ్చని ఫ్రెండ్స్ గ్రూపుల్లో తిరిగే మాట నిజం కాదు, మూడు రోజుల్లో కొనుగోలు రద్దు చేసుకునే ఫెడరల్ నియమం ఒకటి ఉంది గాని, అది డీలర్ షాపులో కొన్న కార్లకు వర్తించదు. పేరు కూడా సరిచూసుకోండి. మన ఇంటిపేరు, పేరు తారుమారై, 'వెంకట' ఒక్కటే మిగిలిన కాగితాలు నేను చూశాను. కారు ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం మీద పేరు లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి.

మర్యాద తప్పితే అక్కడే గొంతు పెంచడం దండగ. జనరల్ మేనేజర్‌కు తేదీ, సమయం, అన్న మాట రాసి ఈమెయిల్ పెట్టండి. డీలర్ నిజంగా మోసం చేస్తే టెక్సస్ మోటారు వాహనాల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. కొత్త కారు కొన్న కొన్నాళ్లకు తయారీదారు నుంచి సర్వే వస్తుంది. దాని కోసమే సేల్స్‌మన్ 'అన్నిటికీ పది ఇవ్వండి సార్' అని ఫోన్ చేసి మరీ అడుగుతాడు. తొమ్మిది ఇచ్చినా వాళ్లకు నష్టమే. కొనక ముందు లేని వినయం ఆ ఫోన్‌లో వినపడుతుంది. నేను నిజం రాశాను, కొందరికి పది, ఒకడికి మూడు.

తాళాలు చేతికొచ్చాక ఫ్రిస్కో హనుమంతుడి గుడిలో వాహన పూజ చేయించుకోండి, నిమ్మకాయలు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. దారిలో టోల్ రోడ్డు ఎక్కేలోపు కొత్త నంబర్ ప్లేటును మీ టోల్‌ట్యాగ్ ఖాతాలో చేర్చండి. మర్చిపోతే బిల్లు ఎక్కువ రేటుతో పోస్టులో ఇంటికొస్తుంది.