ఒకటిన్నర సెంటులో ఇల్లు: పునాది కంటే ముందు ముగ్గు

అనంతపురం పాతూరులో మా జాగా ఒకటిన్నర సెంటు. 20 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు. అత్తమ్మ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు ఉంటాం. నాది కుట్టుపని, అదీ ఇంట్లోనే. ఇంత చిన్న జాగాలో కట్టేవాళ్లు ఎన్ని గదులు వస్తాయని అడిగేముందు, ఏ పొద్దుకు ఏ పని జరుగుతుందో రాసుకోవాలి.

తర్వాత ఖాళీ జాగాలోనే ముగ్గుపిండితో ప్లాన్ మొత్తం అసలు కొలతలకు గీయండి. గోడ మందం కూడా గీయాలి. తొమ్మిదంగుళాల గోడలు రెండు వైపులా కలిపి అడుగున్నర తినేస్తాయి. ఆ గీతల్లో మంచం, బీరువా, కుట్టు మిషను తెచ్చి పెట్టండి. నిండు బిందె చంకన పెట్టుకుని నడిచి చూడండి. కాగితం మీద ముచ్చటగా ఉన్న మా రెండో పడకగదిలో మంచం వేస్తే తలుపు తెరుచుకోదని అప్పుడే తెలిసింది. ఆ గోడ మానేశాం. బరువు పిల్లర్ల మీద ఉంటుంది కాబట్టి లోపల గోడ లేకపోయినా భయం లేదు.

అలా మిగిలిన పెద్దగది 15×14 అడుగులు. పగలు కుట్టుపని, సాయంత్రం పిల్లల చదువు, రాత్రి అత్తమ్మకూ పిల్లలకూ పడక. మధ్యన ఒక పరదా. ఇది కుదరాలంటే సామాను చప్పున కనబడకుండా పోవాలి. చాపలు, పరుపులు అటక మీదికి. బట్టల తానులకు గోడలో గూళ్లు, వాటికి తాడిపత్రి బండ అరలు. చెద పట్టదు, తడిబట్టతో తుడిస్తే చాలు. మిషను చోటు మారుతుంటుంది కాబట్టి ప్రతి గోడకూ ఒక ప్లగ్ పాయింటు పెట్టించాం.

నేను చేసిన తప్పు ఒకటుంది. కూర్చోవడానికీ పడుకోవడానికీ పనికొస్తుందని గది మూలన సిమెంటు గట్టు కట్టించాను. రెండేళ్లకు అత్తమ్మ తుంటి ఎముక విరిగింది. ఎత్తు మంచం వేయాలి, వాకర్ తిరగాలి. గట్టు పగలగొట్టిన రెండు రోజులూ దుమ్ముకు ఆమెను పక్కింట్లో పడుకోబెట్టాం. ఆ నొప్పిలో ఆమెను మోసుకెళ్లింది ఇప్పటికీ మరిచిపోలేను. అందుకే చెబుతున్నా, వంటగట్టు తప్ప నేలకు అతుక్కునేది ఏదీ కట్టొద్దు. బాత్రూం తలుపు మూడడుగులు ఉండాలి, గడప వద్దు.

మాది పడమటి వాకిలి. మెట్లు, బాత్రూం ఆ వైపే పెట్టించాం. సాయంత్రపు ఎండ వాటికి తగిలి ఆగిపోతుంది, పెద్దగది దాకా రాదు. అత్తమ్మ పుట్టింటి మట్టిమిద్దెకు గవాక్షి, అంటే పైకప్పులో ఒక కంత, ఉండేదట, వెలుతురు లోపలికి, వేడి బయటికి. ఆమె మాట విని మెట్ల పైన జాలీ పెట్టాం. మిద్దె మీద ఏటా మాఘంలో తెల్ల సున్నం కొట్టిస్తాం.

నీళ్ల లెక్క కూడా వేసుకోండి. చుట్టూ వదిలింది పోగా మా మిద్దె దాదాపు 500 చదరపు అడుగులు, అంటే 46 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే 25,000 లీటర్లు. ఆవిరయ్యేది, పొర్లిపోయేది తీసేసినా 20,000 ఎక్కడికీ పోవు. తొలి వాన బయటికి వదిలేసి, తర్వాతివి సంపుకు మళ్లించండి. కరువు సీమలో ఇంత నీళ్లు కాలువలో పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మెట్లు వీధిలోంచే ఎక్కేలా ఉంటే, రేపు పైన ఒక గది వేసుకున్నా, అద్దెకిచ్చినా కింది వాళ్లకు ఇబ్బంది లేదు. పిల్లర్ల కడ్డీలు పైకి వదిలి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి, తక్కువ సిమెంటు కలిపిన కాంక్రీటుతో కప్పించండి. గది వేసే రోజున సుత్తి దెబ్బకు ఊడి వస్తుంది.