కోక్ ఓవెన్ నీళ్లలో సైనైడ్‌ని బ్యాక్టీరియాతో తినిపించాలంటే

స్టీల్ ప్లాంట్లలో కోక్ ఓవెన్ (బొగ్గుని గాలి తగలకుండా వేడిచేసి కోక్ చేసే బట్టీ) గ్యాస్ కడిగిన నీళ్లలో ఫినాల్, అమ్మోనియా, థయోసయనేట్‌తో పాటు సైనైడ్ కూడా ఉంటుంది, బయటికి వదిలేటప్పుడు లీటరుకి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈటీపీలో, అంటే ఈ వ్యర్థజలాల్ని శుద్ధి చేసే ప్లాంట్‌లో, కొత్తగా చేరినవాళ్లు అంత విషాన్ని బ్యాక్టీరియా ఎలా తింటుందండీ అంటారు. తింటుంది, పద్ధతిగా పెడితే. అమెరికాలో సౌత్ డకోటాలోని హోమ్‌స్టేక్ బంగారు గని 1984 నుంచి పెద్ద ఎత్తున ఇదే చేసింది, ఆ నీళ్లు కలిసే వైట్‌వుడ్ క్రీక్‌లోకి ట్రౌట్ చేపలు తిరిగొచ్చాయి.

ముందు ఎంజైమ్ సంగతి. బాసిల్లస్ ప్యుమిలస్ లాంటి బ్యాక్టీరియాలో సైనైడ్ డైహైడ్రటేజ్ అని ఒకటుంటుంది, అందులోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం తాలూకు సల్ఫర్ వెళ్లి సైనైడ్ కార్బన్‌ని పట్టేసుకుంటుంది, తర్వాత నీళ్లు వచ్చి చేరి ఆ బంధం తెగిపోయి ఫార్మేట్ ఒకటి, అమ్మోనియా ఒకటి బయటికొస్తాయి, దీనికి ఆక్సిజన్ కూడా అక్కర్లేదు. రోడనేజ్ అనే ఇంకో ఎంజైమ్ దారి వేరు, థయోసల్ఫేట్ నుంచి సల్ఫర్ తీసి సైనైడ్‌కి తగిలించి థయోసయనేట్ చేస్తుంది. విషం బాగా తగ్గుతుంది గానీ పని సగమే అయినట్టు, మిగతాది థయోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా చూసుకోవాలి.

అసలు చిక్కంతా పీహెచ్ దగ్గరే. ట్యాంక్‌లో బ్యాక్టీరియాకి 7 నుంచి 8.5 మధ్య హాయిగా ఉంటుంది, కానీ పీహెచ్ 8కి దిగేసరికే ఫ్రీ సైనైడ్ (లోహాలతో కట్టుకోకుండా విడిగా ఉన్నది)‌లో 90 శాతం పైన హైడ్రోజన్ సైనైడ్ అయిపోతుంది, దానికేమో గాలిలోకి లేచిపోయే గుణం, పైగా మనం కింద నుంచి బ్లోయర్‌తో గాలి కొడుతుంటాం. రిపోర్ట్‌లో సైనైడ్ తగ్గినట్టే కనిపిస్తుంది, పీల్చేది మాత్రం ట్యాంక్ గట్టు మీద ఉన్న మనిషి. అందుకే గాఢంగా ఉన్న నీళ్ల పీహెచ్‌ని ఎప్పుడూ దించకండి, వచ్చే నీళ్లన్నీ కలిపి సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంక్‌లో బాగా కలిపి, పల్చన చేసి, అప్పుడు మాత్రమే దించండి, గ్యాస్ డిటెక్టర్ లేకుండా ఆ పక్కకే వెళ్లొద్దు.

స్టార్ట్ చేసేటప్పుడు నడుస్తున్న కోక్ ఓవెన్ ప్లాంట్ స్లడ్జ్ (బ్యాక్టీరియా ఉన్న బురద) దొరికితే అదే తెచ్చుకోండి, దానికి ఈ విషం అలవాటే. ఫీడ్ కొంచెంతో మొదలుపెట్టి అవుట్‌లెట్‌లో ఫినాల్, సైనైడ్ రెండూ నిలకడగా ఉంటేనే పెంచండి. ఈ నీళ్లలో ఫాస్ఫరస్ దాదాపు ఉండదు, ఫాస్ఫారిక్ యాసిడ్ కొద్దిగా డోస్ చెయ్యాలి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకి 2 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వొద్దు. సైనైడ్ తగ్గుతూ అమ్మోనియా పెరిగితే కంగారుపడకండి, విరిగితే వచ్చేది అదే కదా, దాన్ని నైట్రేట్ చేసే బ్యాక్టీరియా మాత్రం అన్నిటికంటే సున్నితం, సైనైడ్ ఒక్కసారి ఎక్కువొస్తే ముందు పడిపోయేది అవే.

ఫ్రీ సైనైడ్ తగ్గి టోటల్ సైనైడ్ (అన్ని రూపాలూ కలిపి) కదలకపోతే ఇనుముతో కట్టుకున్నది ఉన్నట్టు. దాన్ని ఈ బ్యాక్టీరియా పెద్దగా ముట్టుకోదు, ఫెర్రిక్ క్లోరైడ్ వేసి నీలం స్లడ్జ్‌గా దించెయ్యాలి, ఎండ తగిలితే అందులోంచి ఫ్రీ సైనైడ్ మళ్లీ విడుదలవుతుంది.

శాంపిల్ తియ్యగానే కాస్టిక్ వేసి పీహెచ్ 12 దాటించి ఐస్‌లో పెట్టండి, లేకపోతే ల్యాబ్‌కి చేరేలోపే సైనైడ్ తగ్గిపోయి తప్పు నంబర్ వస్తుంది.