అమెరికాలో ఇల్లు కదలలేని పెద్దలకు ఇంటికే భోజనం: దరఖాస్తు ఎలా చేయాలి?

కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఒంటరిగా ఉండే తెలుగు పెద్దలు అమెరికాలో ఊరూరా ఉన్నారు. మోకాళ్లు సహకరించక, చూపు ఆనక, స్టవ్ వెలిగించడానికే భయపడి, ఫ్రిజ్‌లో ఉన్న చల్లటి పెరుగన్నంతోనో రెండు బిస్కెట్లతోనో మధ్యాహ్నం గడిపేస్తారు. పిల్లలు అడిగితే "తిన్నాంలే" అంటారు. భర్తో భార్యో పోయి, పిల్లలు వేరే రాష్ట్రంలో ఉన్నవారి పరిస్థితి ఇంకా కష్టం. ఇలాంటివారికి ఇంటికే భోజనం అందించే ప్రభుత్వ ఏర్పాటు అక్కడ దశాబ్దాలుగా ఉంది. మనవాళ్లలో చాలామందికి దాని సంగతి తెలియదు. తెలిసినా, అది నిరుపేదలకు మాత్రమేనని అనుకుని అడగరు.

అది అపోహ. 1965లో వచ్చిన ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్‌ అనే చట్టానికి 1972లో వృద్ధుల పోషకాహార పథకం చేరింది. ఇంటికి భోజనం పంపే భాగాన్ని 1978లో విడిగా చేర్చారు. ఈ చట్టం కింద భోజనం ఇవ్వడానికి ఆదాయ పరిమితి పెట్టకూడదు. అరవై ఏళ్లు నిండి, అనారోగ్యం వల్లో వైకల్యం వల్లో ఇల్లు దాటలేనివారు, తోడెవరూ లేక ఒంటరిగా మిగిలినవారు అడగవచ్చు. అర్హులైనవారి జీవిత భాగస్వామికి అరవై నిండకపోయినా ఇవ్వడానికి వీలుంది. అయితే నిధులు అందరికీ సరిపోవు కాబట్టి అవసరం ఎక్కువగా ఉన్నవారికి ముందు ఇస్తారు. ఆ ప్రాధాన్యం చూసేటప్పుడు తక్కువ ఆదాయంతో పాటు, ఇంగ్లీషు సరిగా రాకపోవడాన్నీ లెక్కలోకి తీసుకోవాలని చట్టం చెబుతుంది. ఇది మన పెద్దలకు నేరుగా వర్తించే మాట. దరఖాస్తులో తప్పక చెప్పండి.

ఎవరిని అడగాలి?

ఈ సేవ దేశమంతటా ఒకే కార్యాలయం నుంచి నడవదు. ప్రతి ప్రాంతానికీ ఏరియా ఏజెన్సీ ఆన్ ఏజింగ్ అనే సంస్థ ఉంటుంది. అది స్థానిక వంటశాలలకు, స్వచ్ఛంద సంస్థలకు పని అప్పగిస్తుంది. మీల్స్ ఆన్ వీల్స్ అన్న పేరుతో జనానికి తెలిసినవి ఎక్కువగా ఇవే. మీ ప్రాంతపు సంస్థ ఏదో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ అనే జాతీయ సహాయ కేంద్రానికి పనిదినాల్లో 1-800-677-1116 నంబరుకు ఫోన్ చేయండి. పెద్దలు ఉంటున్న ఇంటి జిప్ కోడ్ చెబితే సరైన నంబరు ఇస్తారు. కూతురు డాలస్‌లో, తల్లి న్యూజెర్సీలో ఉంటే తల్లి జిప్ కోడే చెప్పాలి. న్యూయార్క్ నగరంలో ఉన్నవారు నగర సహాయ నంబరు 311కి ఫోన్ చేసినా సరిపోతుంది.

ఫోన్ పెద్దలే చేయాలని లేదు. పిల్లలు, పక్కింటివారు, డాక్టర్, ఆసుపత్రి సోషల్ వర్కర్, ఎవరైనా వారి తరఫున అడగవచ్చు. కానీ పెద్దల అనుమతి ఉండాలి. ముందు ఇంట్లో వారితో మాట్లాడి ఒప్పించండి. తెలియని మనిషి ఫోన్ చేసి "మీకు భోజనం కావాలా?" అని అడిగితే మన పెద్దల నోట వచ్చే మొదటి మాట "వద్దు" అనే.

ఫోన్‌కు ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: పుట్టిన తేదీ, చిరునామా, అపార్ట్‌మెంట్ తలుపు కోడ్, డాక్టర్ పేరు, వాడుతున్న మందులు, అత్యవసరంలో పిలవాల్సిన ఇద్దరి ఫోన్ నంబర్లు, తినకూడని పదార్థాలు. ఆదాయం గురించి ప్రశ్న రావచ్చు. అది ప్రాధాన్యం తేల్చడానికే.

అసలు పరీక్ష ఇంటర్వ్యూలోనే

దరఖాస్తు ఫారం కంటే ముఖ్యమైనది తర్వాత జరిగే అంచనా. ఒక ఉద్యోగి ఫోన్‌లో గానీ ఇంటికి వచ్చి గానీ ప్రశ్నలు అడుగుతారు. స్నానం, బట్టలు వేసుకోవడం, మంచం మీంచి లేవడం, నడవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, తినడం సొంతంగా చేసుకోగలరా? వంట, బజారు పని, మందులు సమయానికి వేసుకోవడం, ఫోన్ వాడటం, ఇంటి పని ఎంతవరకు చేయగలరు? దీనికి తోడు పోషకాహారం గురించి పది ప్రశ్నల జాబితా ఒకటి చాలాచోట్ల వాడతారు. రోజుకు రెండు పూటల కంటే తక్కువ తింటే 3 మార్కులు, సరుకులు కొనడానికి డబ్బు చాలకపోతే 4, పళ్ల నొప్పితో తినలేకపోతే 2, ఎక్కువగా ఒంటరిగా తింటుంటే 1, ఆరు నెలల్లో అనుకోకుండా పది పౌండ్లు తగ్గినా పెరిగినా 2. మొత్తం 6 దాటినా, 6కు సమానమైనా పోషకాహార లోపం ముప్పు ఎక్కువని అర్థం.

మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. ఇంటికి వచ్చిన మనిషి ముందు కష్టం చెప్పుకోవడం మన పెద్దలకు నామోషీ. "వంట చేసుకోగలరా?" అంటే "ఆ, చేసుకుంటా" అంటారు. స్టూల్ మీద కూర్చుని, మధ్యలో రెండుసార్లు ఆగి, ఒక్క చారు పెట్టుకోవడానికి గంటన్నర పడుతుందని చెప్పరు. కాగితం మీద మాత్రం "వంట చేసుకోగలరు" అని పడుతుంది. ఆ ఒక్క జవాబుతో దరఖాస్తు వెనక్కి పోవచ్చు. కాబట్టి లేనిది కల్పించకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని ముందే నచ్చజెప్పండి. బాగున్న రోజు సంగతి కాదు, బాగాలేని రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. కింద పడిన సందర్భాలు, స్టవ్ ఆపడం మరచిన సందర్భాలు దాచవద్దు.

పిల్లలతో కలిసి ఉంటే "ఇంట్లో మనుషులున్నారుగా?" అన్న ప్రశ్న వస్తుంది. ఎవరు ఎన్ని గంటలకు వెళ్లి ఎన్నింటికి వస్తారో, మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరుంటారో గంటలతో సహా చెప్పండి. అలా చెప్పినా ఒంటరిగా ఉన్నవారికి ముందు అవకాశం ఇవ్వవచ్చు. అది న్యాయమే.

తెలుగు దుబాసీ కావాలని మొదటి ఫోన్‌లోనే అడగండి. పిల్లలే అనువదిస్తే పెద్దలు తమ బాధ సగం మింగేస్తారు. బయటి దుబాసీ ఉంటే వారు తమ మాటల్లో చెప్పుకోగలుగుతారు.

భోజనం ఎలా ఉంటుంది?

సాధారణంగా పనిదినాల్లో మధ్యాహ్నం వేడి భోజనం తెస్తారు. కొన్నిచోట్ల గడ్డకట్టించిన పొట్లాలు వారానికోసారి ఇస్తారు. ఒక్కో భోజనంలో రోజుకు కావలసిన పోషకాల్లో కనీసం మూడో వంతు ఉండాలన్నది నిబంధన. అన్నం, పప్పు వస్తాయని మాత్రం ఆశించవద్దు. శాకాహారం ఉందో లేదో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. ఒక్క "వెజిటేరియన్" అన్న మాటతో సరిపెట్టకండి. గుడ్డు తినరని, చికెన్ నీళ్లతో కాచిన సూపు, జెలటిన్ వేసిన జెల్లీ కూడా పనికిరావని విడమరచి చెప్పండి. మధుమేహం ఉంటే అదీ చెప్పండి. కుదరదంటే, పళ్లూ పాలూ రొట్టే వచ్చినా చాలనుకునేవారు ఉన్నారు. తీసుకోవాలో వద్దో పెద్దలే నిర్ణయించుకోవాలి.

తలుపు దగ్గర పెట్టి వెళ్లకుండా చేతికే ఇవ్వడం చాలాచోట్ల నియమం. తలుపు తీయకపోతే మీరిచ్చిన అత్యవసర నంబరుకు ఫోన్ వస్తుంది. రోజంతా ఒంటరిగా ఉండే మనిషిని ఒకరు వచ్చి చూసి వెళ్లడం, నా దృష్టిలో, భోజనమంత విలువైన సాయం.

ఇంత చెల్లించాలని ఎవరూ పట్టుబట్టకూడదు. ఒక్కో భోజనానికి ఇంత ఇస్తే బాగుంటుందని సూచిస్తారు, కవరు ఇస్తారు. ఎవరెంత ఇచ్చారన్నది గోప్యం. ఇవ్వలేనివారికి భోజనం ఆపడానికి వీల్లేదు. ఇవ్వగలిగినవారు తప్పక ఇవ్వండి. ఆ డబ్బు మరిన్ని భోజనాలకే వెళుతుంది.

వెయిటింగ్ లిస్టు ఉంటే పేరు నమోదు చేయించి, ఆరోగ్యం దిగజారినప్పుడల్లా ఫోన్ చేసి చెప్పండి. ప్రాధాన్యం మారవచ్చు. ఈలోగా, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్నవారు తమ రాష్ట్రంలో ఇంటి సేవల పథకం కింద భోజనం ఇస్తారేమో కనుక్కోవాలి. సాధారణ మెడికేర్ (ముఖ్యంగా అరవై అయిదేళ్లు దాటినవారికి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇంటికి భోజనం పంపదు. దాని బదులు ప్రైవేటు బీమా కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో కొన్ని మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చాక కొంతకాలం ఇస్తాయి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. సేవ నిరాకరించినవారి ఫిర్యాదు వినడానికి ఏరియా ఏజెన్సీకి ఒక పద్ధతి ఉండి తీరాలని చట్టంలోనే ఉంది.

మంజూరయ్యాక డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజున భోజనం వద్దని ముందుగానే చెప్పండి. చెప్పకపోతే ఆ రోజు వండినది వృథా అవుతుంది. కొంతకాలానికోసారి మళ్లీ అంచనా వేస్తారు, ఆ ఫోన్ వదులుకోవద్దు. రెండు మూడు నెలలు ఇండియా వెళ్తుంటే బయలుదేరే ముందే సేవను తాత్కాలికంగా ఆపమని చెప్పి, తిరిగొచ్చాక నేరుగా మొదలుపెడతారా లేక కొత్తగా దరఖాస్తు చేయాలా అన్నది అప్పుడే అడిగి రాసుకోండి.