తక్కువ ధర స్కాచ్‌ని రుచి తెలిసేలా తాగడం ఎలా?

నా మొదటి స్కాచ్ బాటిల్‌లో సగం కూల్ డ్రింక్‌లో మునిగిపోయింది, మిగతా సగం ఆవకాయ ముక్క నంజుకుంటూ అయిపోయింది. నాలుక మీద చివరికి మిగిలింది ఆవఘాటే. తప్పు మందుది కాదు, నాది.

ముందు లేబుల్ చదవండి. ‘బ్లెండెడ్ స్కాచ్ విస్కీ’ అని ఉండాలి. స్కాచ్ కాస్త కలిపిన దేశీ విస్కీ వేరే సంగతి. బ్లెండెడ్ అంటే కల్తీ అనుకునేరు! మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్ట్ విస్కీకి, గోధుమ, మొక్కజొన్న లాంటి గింజలతో చేసే తేలికైన గ్రెయిన్ విస్కీ కలుపుతారు, అంతే. రెండూ స్కాట్లాండ్‌లోనే, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు మాగాలి. టీచర్స్, వ్యాట్ 69, బ్లాక్ అండ్ వైట్ అన్నీ ఈ లెక్కలోవే. బాటిల్ మీద 12 అని ఉంటే, అందులో కలిసిన వాటిలో అన్నిటికన్నా లేతదాని వయసు 12 ఏళ్లని అర్థం. రంగు చూసి మాత్రం మోసపోకండి. రంగు కోసం కారమెల్ కలపడానికి అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది.

స్టీలు గ్లాసు పక్కన పెట్టి, మూతి కాస్త ఇరుకుగా ఉన్న గాజు గ్లాసు తీయండి. 30 మి.లీ. చాలు. ముక్కు గ్లాసులో దూర్చేస్తే ఘాటుకి కళ్లలో నీళ్లొస్తాయి. కాస్త దూరంగా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. టీచర్స్‌లో అయితే ఆరిన కట్టెల పొయ్యి దగ్గర వచ్చే పొగ వాసన తగులుతుంది. పీట్ అనే బురదనేల మట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగమీద బార్లీని ఆరబెట్టిన గుణం అది.

ఇప్పుడు చిన్న గుక్క, నాలుకంతా తడిసేలా. మంటగా ఉందా? ఉంటుంది మరి, మన దగ్గర అమ్మేవాటిలో చాలావరకు 42.8 శాతం ఆల్కహాల్. టీ చెంచాతో నీళ్లు పోసి మళ్లీ వాసన చూడండి. ఘాటు వెనక దాక్కున్న తేనె, వెనీలా లాంటివి అప్పుడు బయటికొస్తాయి.

నా మటుకు నాకు, ఈ ధర విస్కీలు సోడాతోనే బాగుంటాయి. పొడుగు గ్లాసు నిండా ఐసు వేసి, విస్కీ పోసి, దానికి మూడింతలు చల్లటి సోడా గ్లాసు అంచు వెంట జారనివ్వండి. చెంచాతో ఒక్కసారి తిప్పితే చాలు, ఎక్కువ కలియబెడితే గ్యాసు పోతుంది. నంజుకోడానికి వేయించిన పల్లీలు చాలు. చిల్లీ చికెన్ తర్వాత చూసుకోవచ్చు.

ఇదంతా 21 ఏళ్లు నిండినవాళ్లకే, బండి తాళాలు జేబులో లేనప్పుడే.

చివరగా ఒక ఆట. రెండు గ్లాసుల్లో రెండు బ్రాండ్లు పోయించుకుని, కింద చీటీలు పెట్టించి, ఏది ఏదో చెప్పండి. మా ఇంట్లో బావ ఒక గ్లాసు ఎత్తి, “ఇదే ఖరీదైంది, ఆ నునుపు చూడు” అన్నాడు. చీటీ తిప్పితే వ్యాట్ 69.