వానాకాలానికి ముందు కొత్త డ్రెడ్‌లాక్స్: తొలి నెలల జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకే సమయానికి తలపై ఇంకా కుదురుకోని డ్రెడ్‌లాక్స్ (తాళ్లలా జడలు కట్టించుకున్న జుట్టు పాయలు) ఉన్నవారు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసినది తడిసిన పాయ లోపలి దాకా ఎలా ఆరుతుందన్న సంగతి. కొత్త పాయలు విడిపోతాయేమోనన్న భయంతో చాలామంది తలస్నానమే మానేస్తారు. చేసినా గట్టిగా పిండరు. పైపొర పొడిగా తగిలితే చాలు, ఆరిందనుకుని ముడి వేసుకుంటారు. లోపల మిగిలిన తేమలో కొన్నాళ్లకు బూజు పడుతుంది. అప్పుడు వచ్చే ముక్కిన వాసన ఏ షాంపూకూ ఓ పట్టాన పోదు. బూజు లోతుగా పట్టిన పాయను చివరికి కత్తిరించుకోవలసి రావచ్చు.

మన జుట్టు ఎక్కువగా తిన్నగానో, కొద్దిపాటి అలలతోనో ఉంటుంది కనుక, గట్టి ఉంగరాల జుట్టుకన్నా ఆలస్యంగా జడలు కడుతుంది. చివర కొక్కెం ఉండే క్రోషే అల్లిక సూదితో మొదటి రోజే బిగువుగా కనిపించేటట్లు చేసినా, పాయ నిజంగా కుదురుకోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల వీలున్నవారు జనవరి, ఫిబ్రవరి నెలల్లో మొదలుపెట్టి, వానలకు ముందే తమ జుట్టు ఎంతసేపట్లో ఆరుతుందో తెలుసుకోవడం మేలు. వేసవి చివర మొదలుపెట్టేవారు పాయలను చిటికెన వేలికన్నా లావుగా చేయించుకోకూడదు, ఎందుకంటే పాయ ఎంత లావైతే అంత ఆలస్యంగా ఆరుతుంది.

తొలి వారం, పది రోజులు దాటాక వారానికి ఒకసారి, చెమట ఎక్కువగా పట్టేవారు రెండుసార్లు, తప్పక తలస్నానం చేయాలి. మురికిగా ఉంటేనే జుట్టు జడలు కడుతుందన్న మాట నిజం కాదు; జిడ్డు లేని శుభ్రమైన వెంట్రుకలే ఒకదానినొకటి బాగా పట్టుకుంటాయి. షాంపూను నీటిలో కలిపి పలుచన చేసి, వేలి కొసలతో మాడుకు మాత్రమే పట్టించి, ఆ నురగనే పాయల మీదుగా జారనివ్వడం సరిపోతుంది. కండిషనర్ వద్దు. కుంకుడుకాయ రసం అలవాటున్నవారు దానిని పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. శీకాయ పొడిని మాత్రం దగ్గరకు రానివ్వకూడదు, పాయలో ఇరుక్కున్న పొడిని బయటికి తీయడం దాదాపు అసాధ్యం. ఉప్పు బోరునీళ్లు వచ్చే ఇళ్లలో చివరి రెండు చెంబులైనా మంచినీళ్లతో కడిగితే తెల్లని పొర పేరుకోదు.

తలస్నానం ఉదయం పూటే, వీలైతే ఎండ కాసిన రోజున ముగించుకోవాలి. పోగులు ఊడే టర్కీ తువ్వాలుకు బదులు మెత్తబడిన పాత పంచెను తీసుకుని, కొన్ని కొన్ని పాయలను దానిలో చుట్టి, కుదుళ్ల నుంచి చివరల వైపు నొక్కుతూ పిండాలి. గుడ్డకు తడి అంటడం ఆగేవరకు ఇలా చేయాలి. ఆ తర్వాత ఫ్యాను కింద పాయలను విడివిడిగా వదలాలి. ముసురు పట్టిన రోజుల్లో, అందులోనూ విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో, ఫ్యాను ఒక్కటే చాలదు గనుక తక్కువ వేడితో డ్రయర్ వాడాలి. లావైన పాయ నడుమ వేళ్లతో గట్టిగా నొక్కినప్పుడు చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. ఆ తడితో నిద్రపోవడం, ముడి వేయడం, హెల్మెట్ పెట్టడం మూడూ కూడనివే. వానలో తడిసి ఇంటికి చేరినా ఇదే పద్ధతి. సాంబ్రాణి పొగతో ఆరబెట్టవచ్చా అని అడిగేవారు ఉంటారు; పొగ వాసనను కప్పుతుందే తప్ప లోపలి తేమను తీయదు, పైగా కొత్త పాయల చుట్టూ లేచి ఉండే పొడి వెంట్రుకలు నిప్పుకు సులువుగా అంటుకుంటాయి.

నూనె లేకపోతే తల మాడిపోతుందని ఇంట్లో పెద్దవారు బెంగపడటం సహజమే. మాడు మరీ పొడిబారితే రెండు మూడు చుక్కల కొబ్బరినూనెను పాయల మధ్య చర్మానికి మాత్రమే రాయవచ్చు. పాయలకు పట్టిస్తే జుట్టు జారిపోయి విడివడుతుంది, దుమ్ము అంటుతుంది. పాయలు విడిపోకుండా పూసే మైనం అసలు వద్దు.

కుదుళ్ల వద్ద కొత్తగా పెరిగిన జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే ఉంటుంది. దానిని కూడా బిగించాలన్న ఆత్రుతతో వారం వారం మెలితిప్పేవారికి వానకన్నా తమ చేతులే ఎక్కువ హాని చేస్తాయి. ఒకేచోట లాగుడు పడుతూ ఉంటే కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. ఆ స్థితి చాలాకాలం సాగితే ఊడినచోట మళ్లీ మొలవకపోవచ్చు. తడి వెంట్రుక మరింత సులువుగా సాగి తెగుతుంది కాబట్టి ఆరిన తర్వాతే, నెలకో రెండు నెలలకో ఒకసారి సరిచేయించుకుంటే చాలు. ప్రతి తలస్నానం తర్వాత మాత్రం పక్క పక్క పాయలు కుదుళ్ల వద్ద కలిసిపోకుండా వేళ్లతో నెమ్మదిగా విడదీయాలి.

చుండ్రు, దురద కనిపించినప్పుడు కీటోకొనజోల్ షాంపూను సీసాపై ఉన్న సూచన ప్రకారం మాడుకు పట్టించి బాగా కడగాలి. పేలు పడితే దువ్వెన దిగదు కనుక మందు విషయం వైద్యుణ్ణి అడిగి తేల్చుకోవాలి. మాడుపై చీముపొక్కులు, నొప్పి, గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలు కనిపిస్తే, అవి తగ్గేదాకా పాయలను ముట్టుకోకుండా చర్మవైద్యునికి చూపించాలి.