వేట పడవ అడుగు రంధ్రాల నుంచి నీరు చేరకుండా చూసుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలోని బారువ, బందరువానిపేట, కళింగపట్నం మొదలుకొని విజయనగరం జిల్లాలోని చింతపల్లి, ముక్కాం వరకు చాలా ఊళ్లలో వేట ముగిశాక పడవను ఇసుక మీదికి లాగడమే పద్ధతి. అందువల్ల రేవులో నీటి మీద నిలిచే పడవలకు లేని ఒక కష్టం మన ఫైబర్ పడవలకు ఉంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అడుగు ఇసుకకు రాసుకుంటుంది, అడుగుకు బిగించిన బోల్టులు కదులుతాయి, పడవలోని నీరు పోవడానికి ఉంచిన రంధ్రాన్ని మూసే బిరడా మరల్లో ఇసుక చేరుతుంది. పడవలో నీరు చేరిందనగానే రాయి తగిలిందనో కెరటం కొట్టిందనో అనుకుంటాం గానీ, మనమే తొలిచి పెట్టుకున్న రంధ్రాలను ముందు అనుమానించడం మేలు.

చిన్న రంధ్రమే కదా అనుకోవడానికి వీల్లేదు. నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల దిగువన 25 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పూర్తిగా తెరుచుకుంటే నిమిషానికి దాదాపు 40 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. రంధ్రపు వ్యాసం రెట్టింపైతే నీరు నాలుగు రెట్లు వస్తుంది.  గంటకు 500 గాలన్లు అని రాసి ఉన్న చిన్న బ్యాటరీ పంపు, ఆ లెక్క ప్రకారం చూసినా, నిమిషానికి 31 లీటర్లకు మించి తోడదు. నీటిని పైకి ఎత్తవలసి వచ్చినప్పుడు, బ్యాటరీ నీరసించినప్పుడు అంత కూడా తోడదు. కాబట్టి పంపు ఉందన్న ధైర్యంతో రంధ్రాలను వదిలేయకూడదు.

అయితే ఏ రంధ్రం నీటి కింద ఉందన్నది ఒడ్డున ఖాళీ పడవను చూస్తే తెలియదు. వలలు, ఐసు, ఇంధనం, మనుషులు, చేపల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు ఎక్కించి, ఏటి ముఖంలో నీరు నిలకడగా ఉన్న చోట పడవను నిలిపి, నీరు తాకిన గీతను బయటి వైపు రంగుతో గుర్తు పెట్టుకోవాలి. ఆ గీతకు జానెడు ఎత్తు వరకు ఉన్న ప్రతి రంధ్రాన్నీ నీటి కింద ఉన్నట్టే లెక్కించాలి. పంపు నీటిని బయటికి వదిలే గొట్టం చివర తరచుగా ఈ హద్దులోనే ఉంటుంది. పడవ నిండుగా ఉన్నప్పుడు అది మునిగితే, పంపు ఆగిన తరువాత అదే గొట్టం గుండా సముద్రపు నీరు వెనక్కి లోపలికి పారుతుంది. గొట్టాన్ని పడవ అంచు దాకా ఎత్తి, చివర నీటిలో మునగకుండా అక్కడి నుంచే బయటికి వదలడం దీనికి మందు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వెనుక పలక అడుగున ఉండే బిరడా మీద. ఒడ్డుకు చేరగానే నీరు పోవడానికి దాన్ని తీస్తారు. తెల్లవారుజామున చీకట్లో, కెరటాల మధ్య సందు చూసి పడవను తోసే తొందరలో పెట్టడం మరిచిపోతారు. బిరడా తీసిన వెంటనే దాన్ని ఇంజను స్టార్టరు తాడు పిడికి కట్టి వేలాడదీస్తే, దాన్ని విప్పకుండా ఇంజను లాగడం కుదరదు. బిగించే ముందు మరలను నీటితో కడిగి, రబ్బరు వాషరు చుట్టూ వేలితో తడిమి చూడాలి. పగులు తగిలినా, ఒక పక్క నొక్కుకుపోయినట్టున్నా మార్చేయాలి. అదే కొలత బిరడా ఇంకొకటి పడవలోనే ఉంచుకోవాలి.

లోహం సంగతి మార్కెట్లో ఎవరూ చెప్పరు. మామూలు ఇత్తడి ఉప్పునీటిలో తనలోని జింకును పోగొట్టుకొని, చూపుకు గట్టిగానే కనిపిస్తూ, లోపల గుల్లబారుతుంది. చాకు మొనతో గీరితే పసుపుగా మెరిసినది పనికొస్తుంది. గులాబీ ఎరుపు కనిపిస్తే దాని పని అయిపోయిందని అర్థం. కంచు గానీ, గాజు పీచు కలిపిన నైలాన్ గానీ నయం. స్టీలు బోల్టులు కొనేటప్పుడు 304 రకం కంటే 316 రకం మేలు. కొత్త రంధ్రం తొలిస్తే దాని లోపలి అంచుకు ఎపాక్సీ రెసిన్ పూసి ఆరనిచ్చి, ఆ తరువాతే పాలీయూరిథేన్ సీలెంటుతో ఆ రంధ్రంలో కూర్చోబెట్టే అమరికను బిగించాలి. అద్దాలకు వాడే సిలికాన్ ఇక్కడ నిలవదు.

లోపల ఇంజను ఉన్న పడవకు, ఇంజనును చల్లబరిచే నీరు తెచ్చే గొట్టం అదనపు బెడద. దాని మొదట్లో వాల్వు ఉండాలి, దాన్ని నెలకొకసారి తిప్పుతూ ఉండాలి, గొట్టానికి ప్రతి చివరా రెండేసి క్లిప్పులు వేయాలి. షాఫ్ట్ (ఇంజను నుంచి పంఖాకు వెళ్లే ఇరుసు) పడవ బయటికి వెళ్లే చోట ఉండే గ్లాండ్‌లో, నీరు రాకుండా కూరే ప్యాకింగ్ మామూలుదైతే ఇంజను నడిచేటప్పుడు చుక్కలు చుక్కలుగా నీరు రావడం సహజం. అది ధార కట్టినప్పుడే బిగించాలి. మరీ బిగిస్తే షాఫ్ట్ అరిగిపోతుంది.

ఇసుక రాపిడిని తట్టుకోవడానికి అడుగున వేసే పట్టీ బోల్టుల దగ్గర కారే నీరు కొన్ని పడవల్లో పైకి కనిపించదు, అడుగుకూ పైచెక్కకూ మధ్య ఉన్న ఫోములోకి ఇంకుతుంది. మునుపు లాగడానికి సరిపోయిన మనుషులు ఇప్పుడు చాలకపోతే, ఫోము నీరు తాగి పడవ బరువెక్కిందని అనుమానించాలి. కనిపించే అమరికలను పరీక్షించడానికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలం అనువైనది. పడవ అడుగుకు రెండు పక్కలా దన్ను పెట్టి, లోపల అమరిక మునిగేంత వరకే నీరు పోసి, బయట దాని చుట్టూ తుడిచి పొడి ముగ్గుపిండి అద్దితే, ఎక్కడ కారుతుందో అక్కడ పిండి తడిసి చార కడుతుంది.

కోసుగా చెక్కిన మెత్తని చెక్క బిరడాను ప్రతి రంధ్రం పక్కనే తాడుతో కట్టి ఉంచాలి. సముద్రంలో నీరు చేరితే ముందు దాన్ని గుడ్డ చుట్టి దిగ్గొట్టి, తరువాతే తోడడం మొదలుపెట్టాలి. రంధ్రం వెనుక ఉంటే మనుషులూ బరువూ కొంత ముందుకు జరగాలి. వెనుక భాగం లేచిన కొద్దీ ధార తగ్గుతుంది. అప్పటికీ అదుపులోకి రాకపోతే, సిగ్నల్ అందుతున్నప్పుడే కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేసి, ఏ ఊరికి ఎదురుగా, ఎంత దూరంలో ఉన్నారో, పడవలో ఎంతమంది ఉన్నారో చెప్పాలి.